విన్నవీ, వినలేకపోయినవీ

ఆ మధ్య నలుగురు మిత్రులం కలిసి కూర్చున్నప్పుడు మాటల మధ్య ఒక ప్రశ్న వచ్చింది. ఇన్నేళ్ళలో ఎదురుగా కూర్చుని విన్న కచేరీలలో అన్నిటికన్నా గొప్పది ఏది, అన్నిటికన్నా అధ్వాన్నమైనది ఏది? మొదటి దానికి జవాబు చెప్పడానికి అందరమూ కొంతసేపు తడుముకున్నాము. రెండవ దానికి మాత్రం ఎవరికీ క్షణం కూడా పట్టలేదు. మనిషి మెచ్చుకోలును మరిచిపోయినంత సులభంగా విసుగును మరిచిపోలేడు కాబోలు.

నా జవాబు అప్పుడు చెప్పాను గానీ, ఇంటికి వచ్చిన తరువాత అది సరైనదేనా అన్న సందేహం పట్టుకున్నది. ఆ సందేహాన్ని తీర్చుకునే ప్రయత్నమే ఈ వ్యాసం. నా అనుభవం కంటె ముందు, చరిత్రలో పేరుపడిన కొన్ని కచేరీలను తలచుకోవలసి ఉన్నది. ఎందుకంటే, గొప్ప కచేరీకీ చెడ్డ కచేరీకీ మధ్య గీత మనం అనుకున్నంత తిన్నగా లేదని వాటిని చూస్తేనే తెలుస్తుంది.

1808 డిసెంబరు 22న వియన్నా నగరంలో ఒక నాటకశాలలో బీథోవెన్ తన రచనలతో కచేరీ ఏర్పాటు చేశాడు. అది గడ్డకట్టే చలికాలం. శాలలో వెచ్చదనానికి ఏ ఏర్పాటూ లేదు. సాయంత్రం ఆరున్నరకు మొదలై రాత్రి పదిన్నర దాకా నడిచింది. వాద్యబృందానికి తగినంత సాధన లేదు. పాడవలసిన ప్రసిద్ధ గాయనితో గొడవ జరగడం వలన, ఆమె స్థానంలో వచ్చిన చిన్న వయసు గాయని భయంతో వణికిపోయింది. చివరి అంశం హడావిడిగా రాసినది కావడంతో వాద్యగాళ్ళు మధ్యలో దారి తప్పారు. బీథోవెన్ ఆపించి మళ్ళీ వాయింపించవలసి వచ్చింది. ఆ రాత్రి అక్కడ కూర్చున్న వారిని అడిగి ఉంటే, తమ జీవితంలో అధ్వాన్నమైన కచేరీ అదేనని చాలామంది చెప్పి ఉండేవారేమో. అయితే ఆయన అయిదవ సింఫనీ, ఆరవ సింఫనీ లోకం మొదటిసారి విన్నది ఆ రాత్రే. నాలుగవ పియానో కాన్చెర్టోను జనం ముందు ఆయనే స్వయంగా వాయించినది కూడా ఆ రాత్రే. రెండు వందల ఏళ్ళుగా సంగీతలోకం ఆ ఒక్క సాయంత్రాన్ని తలచుకుని, మనం అక్కడ ఉంటే ఎంత బాగుండును అని నిట్టూరుస్తున్నది.

ఇటువంటిదే మరొకటి మన కాలంలో జరిగింది. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ నగరపు ఆపెరా భవనంలో కీత్ జారెట్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడు అర్ధరాత్రికి కొంచెం ముందు కచేరీ మొదలుపెట్టవలసి ఉన్నది. ఆయన కోరిన పెద్ద పియానోకు బదులుగా సాధనకు వాడే చిన్న పియానో వేదిక మీదికి వచ్చింది. దాని పై స్వరాలు కీచుమంటున్నాయి, కింది స్వరాలకు గాంభీర్యం లేదు, పాదాలతో తొక్కే మీటలు సరిగా పనిచేయడం లేదు. ఆయనకు నడుము నొప్పి, పైగా నిద్ర లేదు. వాయించనని వెళ్ళిపోబోతే, కచేరీ ఏర్పాటు చేసిన టీనేజీ అమ్మాయి బతిమాలి ఆపింది. లోపమున్న స్వరాలను తప్పించుకుంటూ, మధ్య స్వరాలలోనే తిరుగుతూ, ఎడమ చేతితో ఒకే లయను మళ్ళీ మళ్ళీ పట్టుకుంటూ, అప్పటికప్పుడు కల్పన చేసి ఆయన వాయించినది సుమారు పధ్నాలుగు వందల మంది విన్నారు. ఆ రికార్డు ఒంటరి పియానో వాదనంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయినది. మంచి పియానో దొరికి ఉంటే ఏమి జరిగేదో చెప్పలేము గానీ, ఆ సంగీతం మాత్రం పుట్టేది కాదు.

అలాగని ప్రతి చెడ్డ కచేరీ వెనుకా ఒక వెలుగు దాగి ఉంటుందని చెప్పబోవడం లేదు. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం పాడుతుండగా, వేదికకు దగ్గరలోనే పద్దెనిమిదేళ్ళ యువకుడు కత్తిపోట్లకు బలైపోయాడు. లక్షలాది జనం వస్తారని తెలిసీ చోటును చివరి క్షణంలో మార్చారు. ఎత్తు తక్కువగా ఉన్న వేదికకు కాపలాగా ఒక మోటారు సైకిళ్ళ ముఠాను నిలబెట్టారు. దాని ఫలితం అది. గాయకుడి గొంతు పగిలినందుకో, మైకు కూసినందుకో మనం "ఘోరం" అనేటప్పుడు, ఆ మాటకు అసలైన అర్థం ఇటువంటి చోట ఉన్నదని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక మన సంగీతానికి వద్దాము.

ఈనాడు మనం కచేరీ అని పిలిచేది, అంటే వర్ణంతో మొదలై, కొన్ని కృతులు సాగి, రాగం తానం పల్లవి దాటి, చిన్న చిన్న పదాలతోనూ తిల్లానాతోనూ దిగివచ్చి మంగళంతో ముగిసేది, అనాదిగా వస్తున్నదేమీ కాదు. ఈ క్రమాన్ని ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో స్థిరపరిచిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగారికి (1890-1967) దక్కింది. అంతకు మునుపు సంగీతం రాజాస్థానాలలోనూ, దేవాలయాలలోనూ, జమీందారుల, ధనికుల ఇళ్ళలోనూ ఉండేది. వినేవారు కొద్దిమంది, వారిలో చాలామంది తెలిసినవారు. గాయకుడు ఒక రాగాన్ని గంటల తరబడి పాడినా గడియారం చూసే అలవాటు ఎవరికీ లేదు. ఆస్థానాలు కూలిపోయి పట్టణాలలో సభలు వెలసిన తరువాత శ్రోత టిక్కెట్టు కొనుక్కుని వచ్చే అపరిచితుడైనాడు. 1927 కాంగ్రెసు మహాసభతో పాటు మద్రాసులో జరిగిన సంగీత సదస్సు ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. అదే 1928లో మైలాపూరు కపాలీశ్వరాలయంలో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు పాడవలసిన కచేరీ ఆయన రాలేకపోవడంతో తప్పిపోయే స్థితి ఏర్పడితే, పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. అతడే జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం. ఆనాడు ముసిరి వారి కోసం వచ్చి నిరాశతో లేచిపోయినవారు ఎవరైనా ఉంటే, వారు తమ మనుమలకు ఆ మాట చెప్పుకోగలిగి ఉండరు.

1930లలో సభలలోకి మైకు ప్రవేశించింది. దానికి ముందు గాయకుడికి మొదటి అర్హత వెనుక వరుస దాకా వినిపించే గొంతు. అందుకే పాతతరం వారు హెచ్చు శ్రుతిలో పాడేవారు. మన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) కాలికి గజ్జె కట్టి, చేతులలో చిరతలు పట్టి, వేలాది జనానికి హరికథ వినిపించినది గొంతు బలంతోనే. విజయనగరంలో 1919లో నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆయనే తొలి అధ్యక్షులు. అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, తరువాత అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893-1964) కమాను నాజూకు వేరే రకం. ఆ నాజూకు పెద్ద సభలో చివరివాడి దాకా చేరాలంటే మైకు కావలసిందే. మైకు రావడంతో శ్రుతులు దిగాయి, సూక్ష్మమైన గమకాలు నలుగురికీ వినిపించాయి, సన్నని గొంతులకు కూడా వేదిక దొరికింది. ఇంత మేలు చేసిన యంత్రమే, అజ్ఞాని చేతిలో పడినప్పుడు ఎంత కీడు చేయగలదో నా కథలో చెప్తాను.

వినలేకపోయిన కచేరీలు మరొక రకం ఉన్నాయి. అవి పాడనివ్వనివి. త్యాగరాజస్వామి 1847 జనవరిలో తిరువయ్యారులో సిద్ధి పొందారు. పాడుబడిన ఆయన సమాధిని తన సొమ్ముతో ఉద్ధరించి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952). ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి అచ్చువేయించి, మరుసటి ఏడే ప్రభుత్వ నిషేధానికి గురైన తెలుగు పండితురాలు కూడా ఆమే. 1926లో గుడికి కుంభాభిషేకం జరిగింది. అయితే ఆరాధనలు నడిపే పురుష వర్గాలు ఆ గుడి కట్టించిన మనిషినే అక్కడ పాడనివ్వలేదు, స్త్రీ అన్న కారణంగా. ఆమె వెనుకకు తగ్గలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి, సమాధి వెనుక వైపున వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1940ల మొదట్లో వర్గాలన్నీ కలిసిన తరువాతనే స్త్రీలూ పురుషులూ ఒకేచోట పాడడం సాధ్యమయింది. ఈనాడు వందలాది గొంతులు ఒక్కటై పంచరత్నాలు పాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవారిలో, అంతకు మునుపు అక్కడ ఎన్ని గొంతులు వినిపించకుండా పోయాయో తలచుకునేవారు తక్కువ.

ఆంధ్రదేశంలో సభల కంటె పందిళ్ళది పెద్ద చరిత్ర. శ్రీరామనవమికి, దసరాకు ఊరూరా తాటాకు పందిళ్ళు లేచేవి. పెద్ద విద్వాంసులు కూడా ఆ పందిళ్ళలో పాడినవారే. బెజవాడలో 1938లో సద్గురు ఆరాధనోత్సవాలలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు, ఎనిమిదేళ్ళ మురళీకృష్ణ, పూర్తి స్థాయి కచేరీ చేసి "బాల" అన్న మాటను పేరుకు ముందు సంపాదించుకున్నాడు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం వచ్చిన తరువాత ఆ విద్వాంసుల గొంతులు ఇళ్ళలోకి వచ్చాయి గానీ, పందిరిలో కూర్చుని వినే అలవాటు మరి మూడు నాలుగు దశాబ్దాలు నిలిచింది. నేను దాని చివరి రోజులను చూశాను.

నేను విన్న వాటిలో గొప్పదని మిత్రులకు చెప్పినది ముందు చెప్తాను. దానికి వేదిక లేదు, టిక్కెట్టు లేదు, ఆహ్వానపత్రిక లేదు. 1991లో గోదావరి డెల్టాలో ఒక ఊరిలో చివరి బస్సు తప్పిపోయి, రాత్రంతా ఎక్కడ గడపాలా అని తిరుగుతున్నాను. ఆ ఊరి గుడిలో స్వామివారి కల్యాణోత్సవాలు జరుగుతున్నాయి. రాత్రి పదకొండు గంటల వేళ ఊరేగింపు నాలుగు వీధుల కూడలికి వచ్చి ఆగింది. బోయీలు పల్లకీని ఆనుకర్రల మీద నిలిపి చెమట తుడుచుకుంటున్నారు. దివిటీల వెలుగులో నాదస్వర విద్వాంసుడు ఒక అడుగు ముందుకు వచ్చి తోడి రాగం అందుకున్నాడు. డోలు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాలుగు గోడల మధ్య నాదస్వరం విని చెవులు మూసుకున్నవాణ్ణి నేను. అది వీధి కోసం, ఆకాశం కోసం చేసిన వాద్యమని ఆ రాత్రి తెలిసింది. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గర నేర్చి, కరవది నుంచి శ్రీరంగం దాకా వెళ్ళిన షేక్ చిన మౌలానా గారిని (1924-1999) రికార్డులలో ఎన్నిసార్లు విన్నా అర్థం కానిది, పేరు తెలియని ఆ విద్వాంసుడి ఎదుట నిలబడితే అర్థమయింది. ముప్పావు గంట వాయించి ఉంటాడు. ఆపగానే చప్పట్లు లేవు. బోయీలు పల్లకీ ఎత్తుకున్నారు, అంతే. ఆయన పేరేమిటో అడగాలన్న ధ్యాస కూడా నాకు కలగలేదు.

ఇక అధ్వాన్నమైనది. 1984 శ్రీరామనవమి. మా ఊరి పందిరిలో ఒక వృద్ధ విద్వాంసుడి కచేరీ. ఒకప్పుడు పేరున్న మనిషే. ఆయన తరువాత, రాత్రి పది గంటలకు, సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉన్నది. జనం దానికోసం చాపలు పరుచుకుని కూర్చున్నారు. నాకు పదిహేనేళ్ళు. నేనూ దానికోసమే వెళ్ళాను.

మృదంగం వాయించే ఆయన బస్సు ఆలస్యమయింది. మొదటి రెండు కీర్తనలు వయొలిన్‌తోనే నడిచాయి. కరెంటు స్తంభాలకు కట్టిన బాకా స్పీకర్లు నిమిషానికొకసారి కూత పెడుతున్నాయి. గాయకుడికి తన గొంతు తనకే వినిపించక ఇంకా గట్టిగా పాడుతున్నారు. ఆయన గట్టిగా పాడినకొద్దీ కూత పెరుగుతున్నది. కీర్తన పూర్తి కాగానే కమిటీవారు మైకు తీసుకుని, ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు యాభై ఒకటి, అని చదివింపుల జాబితా చదువుతున్నారు. ఒకసారి కీర్తన ఇంకా చరణంలో ఉండగానే చదివేశారు. ఆయన ఆగి, జాబితా అయ్యేదాకా తల వంచుకుని కూర్చుని, వదిలిన చోటనే మళ్ళీ అందుకున్నారు. తరువాత భైరవి మొదలుపెట్టారు. తారస్థాయి షడ్జం దగ్గర గొంతు పగిలింది. మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ పగిలింది. వెనుక నుంచి ఎవరో ఈల వేశారు. పందిరి సగం నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు కొంచెం గట్టిగానే వచ్చింది, ఎందుకంటే ముందు వరుసలో కూర్చున్న మా నాన్నగారు వెనక్కి తిరిగి చూశారు.

స్నేహితులతో లేచి సోడా బండి దగ్గరకు పోయాను. కాసేపటికి ఊరంతా కరెంటు పోయింది. ఆర్కెస్ట్రా లేనట్టేనని తెలిసి జనం ఇళ్ళకు మళ్ళారు. నేనూ ఇంటికి వచ్చి అరుగు మీద పడుకున్నాను. నాన్నగారు రాత్రి రెండు దాటిన తరువాత వచ్చారు. "ఇంతసేపా? కచేరీ అప్పుడే అయిపోలేదా?" అన్నాను. "నువ్వు వెళ్ళాకే మొదలయింది" అని లోపలికి వెళ్ళిపోయారు. కోపం వచ్చి అన్న మాట అనుకున్నాను.

ఇరవై రెండేళ్ళ తరువాత, 2006లో, ఆయన మంచం పట్టిన రోజులలో ఇదే ప్రశ్న నేను ఆయనను అడిగాను. ద్వారం వారిని, ఈమని శంకరశాస్త్రిగారిని, బాలమురళిగారిని ఎదురుగా కూర్చుని విన్న మనిషి. ఏ పేరు చెప్తారా అని చూస్తున్నాను. "మన పందిట్లో ఆ కరెంటు పోయిన రాత్రి" అన్నారు. అప్పుడు చెప్పారు మిగిలిన కథ.

కరెంటు పోగానే కమిటీవారు వెళ్ళిపోయారట. ఓ ముప్పై మంది మిగిలారు. ఎవరో పెట్రోమాక్స్ లైటు తెచ్చి పెట్టారు. ఆ పెద్దాయన అందరినీ దగ్గరకు జరగమని చెప్పి, శ్రుతి బాగా తగ్గించి పెట్టుకున్నారట. వయొలిన్ ఆయన తీగెలు దించుకున్నారు. మృదంగం ఆ శ్రుతికి కుదరక, దాన్ని పక్కన పెట్టి ఆయన చేతితో తాళం వేస్తూ కూర్చున్నారు. ఆగిపోయిన భైరవిని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని గంటన్నర పాడారట. స్పీకర్లతో పోటీ పడవలసిన పని లేదు కనుక గొంతు తనకు చాలినంతలోనే తిరిగింది. "షడ్జం అందిందా?" అని అడిగాను. "అందుకోవడానికి పోలేదురా. దాని గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఏముందో మాకు చూపించి వచ్చాడు" అన్నారు నాన్నగారు.

ఇరవై రెండేళ్ళలో జ్ఞాపకం కొంత మెరుగుపెట్టుకుని ఉండవచ్చు. నాకు దానిని సరిచూసుకునే దారి లేదు. ఎవరూ రికార్డు చేయలేదు. ఆ ముప్పై మందిలో నేను గుర్తుపట్టగలిగిన వారెవరూ ఇప్పుడు లేరు. నాన్నగారు కూడా ఆ ఏడాది చివరనే వెళ్ళిపోయారు. అనుమానించడానికి వీలులేనిది ఒక్కటే, అది నా నవ్వు.

అందుచేత మిత్రులకు నేనిచ్చిన జవాబును దిద్దుకోవలసి వచ్చింది. నేను అధ్వాన్నమని చెప్పినది ఆ కచేరీలో మొదటి సగం. అందులోనూ తప్పు ఎక్కువగా బాకాలది, జాబితాలది, మా ఈలలది. రెండవ సగం నేను వినలేదు. వినని దాని మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు.

వియన్నాలో ఆ చలిరాత్రి రైఖార్ట్ అనే సంగీతకారుడు ఒక ప్రభువుతో పాటు కూర్చుని నాలుగు గంటలూ విన్నాడు. చలి గురించి, నిడివి గురించి తన లేఖలలో విసుక్కున్నాడు కూడా. అయినా చివరిదాకా ఉన్నాడు గనుకనే ఆ రాత్రి ఎలా గడిచిందో ఈనాడు మనకు తెలుస్తున్నది. మధ్యలో లేచిపోయినవారు ఏమి విన్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

2006 తరువాత నేను మంగళం పాడకముందే లేచి వచ్చిన కచేరీ లేదు. వాటిలో చాలా వరకు సామాన్యమైనవే. కొన్ని నిజంగానే బాగులేవు. అయినా కూర్చుంటాను.